డోర్నకల్ బిషప్ అజరయ్య: మనవారి చేతికి అప్పగించిన సంఘం

క్రిస్మస్‌కూ ప్రత్యక్షత పండుగకూ మధ్య వచ్చే రోజుల్లో తెలుగు సంఘ చరిత్రకు సంబంధించిన మూడు తేదీలు ఉన్నాయి. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కతీడ్రల్‌లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1939 జనవరి 6న డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కతీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. 1945 జనవరి 1న అదే డోర్నకల్‌లో ఆయన ప్రభువునందు నిద్రించారు.

ఆయన పేరు మీద మన మధ్య బడులున్నాయి, వీధులున్నాయి, పిల్లలకు పెట్టుకున్న పేర్లున్నాయి. ఆయన ఎవరో, ఏ ఊరివారో, ఏం చేశారో తెలిసినవారు మాత్రం తగ్గిపోతున్నారు. ఆయనను "మొదటి భారతీయ బిషప్పు" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం. ఆ మాట నిజమే గాని, మొదటివాడు కావడం ఒక్కరోజు పని. తనకు దొరికిన అధికారాన్ని ముప్పై రెండేళ్లపాటు పల్లె విశ్వాసుల చేతికి కొంచెం కొంచెంగా అప్పగించుకుంటూ పోవడం ఒక జీవితకాలపు పని. ఆయన జీవితంలో నేటి సంఘాలు తెలుసుకోవలసింది ఆ రెండోదే.

తిరునెల్వేలి నుండి

అజరయ్య గారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళదేశంలోని తిరునెల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళై గ్రామంలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం గారు నాడార్ కులం నుండి క్రీస్తును అంగీకరించి, అదే ఊరిలో ఆంగ్లికన్ గురువుగా సేవ చేశారు. తల్లి ఎలెన్ గారు. ఎంతోకాలం కనిపెట్టి ప్రార్థించిన తరువాత పుట్టిన బిడ్డ గనుక, హన్నా కుమారుని పేరే ఆయనకూ పెట్టారు. 1889లో తండ్రి మరణించారు. ఆ తరువాత పెంపకమంతా తల్లిదే.

మెంజ్ఞానపురంలోని మిషన్ హాస్టలు బడిలో, తిరునెల్వేలిలో, ఆ తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకున్నారు. కళాశాల చదువు పూర్తిచేశారు గాని డిగ్రీ పట్టా మాత్రం అందుకోలేదు. తరువాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనను గౌరవ డాక్టరేటుతో సత్కరించింది. కళాశాల రోజుల్లో తోటి విద్యార్థి కె.టి. పాల్ గారితో ఏర్పడిన స్నేహం తరువాతి సేవ అంతటా నిలిచింది.

1895 నుండి 1909 వరకు ఆయన వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరిగారు. అమెరికా నుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ గారు ఆ రోజుల్లో ఆయన తోడి పనివాడు. తెల్లవాడూ నల్లవాడూ ఒకే బల్లమీద తినడమే వింతగా ఉన్న కాలంలో ఆ ఇద్దరూ కలిసి ప్రార్థించారు, కలిసి ప్రయాణించారు. ఆ స్నేహం అజరయ్య గారికి రెండు సంగతులు నేర్పింది. విదేశీయునికీ దేశీయునికీ మధ్య నిజమైన స్నేహం సాధ్యమే. మిషన్ బంగళాల్లో మాత్రం అది చాలా అరుదు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహం చేసుకున్నారు. డోర్నకల్‌లో స్త్రీల మధ్య, బాలికల చదువు విషయంలో ఆమె చేసిన సేవ లేకపోతే భర్త చేసిన సేవ సగమే అయ్యేది.

మన మనుషులు, మన డబ్బు, మన నాయకత్వం

1902లో అజరయ్య గారు శ్రీలంకలోని యాళ్పాణం వెళ్లారు. దాన్నే జాఫ్నా అంటారు. అక్కడి తమిళ విశ్వాసులు తమ కానుకలతోనే ఒక సువార్త సంఘాన్ని నడుపుతున్నారు. తిరునెల్వేలి సంఘాలు వారికంటే పాతవి, పెద్దవి. వాటికి మాత్రం స్వంతంగా పంపిన ఒక్క మిషనరీ కూడా లేడు. నూరేళ్లపాటు తీసుకోవడమే తెలిసిన సంఘం ఇవ్వడం ఎప్పుడు నేర్చుకుంటుందన్న ప్రశ్న ఆయనను వదలలేదు.

తిరిగి వచ్చాక 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘం పుట్టింది. 1905 క్రిస్మస్ రోజున, విలియం కేరీ పనిచేసిన శ్రీరాంపూరులో, అన్ని ప్రాంతాల, అన్ని శాఖల భారతీయ క్రైస్తవులు కలిసి జాతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. అందులోనూ అజరయ్య గారిది ముఖ్యపాత్ర. రెండింటికీ నియమం ఒక్కటే: మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, నడిపించడమూ మనమే. విదేశీ సొమ్ము అడగకూడదు.

తిరునెల్వేలి విశ్వాసులు తమ మిషనరీలను పంపడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని మానుకోట ప్రాంతం, అంటే నేటి మహబూబాబాద్ చుట్టుపక్కల. అప్పటికి అక్కడ సువార్త పని దాదాపు లేదు. సింగరేణి బొగ్గు గనులకు రైలు దారి చీలే డోర్నకల్ జంక్షన్ వారి కేంద్రమైంది. తమిళుల కానుకలు, తమిళుల ప్రార్థనలు తెలుగు పల్లెలకు వచ్చిన తీరు ఇదీ. మనకు సువార్త అంతా సముద్రాలు దాటి వచ్చిందని అనుకుంటాం. డోర్నకల్‌కు అది తిరునెల్వేలి తాటితోపుల నుండి వచ్చింది.

పంపినవాడే తాను వెళ్లకపోతే ఎలా? 1909లో అజరయ్య గారు వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి, గురుపట్టాభిషేకం పొంది, కుటుంబంతో డోర్నకల్ చేరారు. దేశమంతటా పేరున్న నాయకుడు ఒక చిన్న రైలు జంక్షన్‌లో కాపురం పెట్టి, ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకోవడం మొదలుపెట్టారు.

ఎడిన్‌బరోలో ఒక మాట

1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందలమంది ప్రతినిధుల్లో ఆసియా నుండి వచ్చినవారు ఇరవైమంది లోపే. వారిలో అజరయ్య గారొకరు. విదేశీ మిషనరీలకూ దేశీయ సేవకులకూ మధ్య సహకారం గురించి మాట్లాడమన్నారు.

ఆయన మొహమాటపడలేదు. ఒకే మిషన్‌లో ఏళ్ల తరబడి పనిచేస్తున్నా మిషనరీకీ దేశీయ గురువుకూ మధ్య యజమాని, జీతగాడు సంబంధమే ఉందన్నారు. ఒకరి ఇంట ఒకరు భోజనం చేయరనీ, కష్టసుఖాలు చెప్పుకోరనీ అన్నారు. చివరగా, పౌలు కొరింథీయులకు ప్రేమ గురించి రాసిన అధ్యాయాన్నే వారి ముందు పెట్టారు. మీరు మీ ఆస్తి పంచారు, మీ దేహాలను కాల్చబడడానికి అప్పగించారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని అడిగారు.

సభలో కొందరు నొచ్చుకున్నారు. కృతజ్ఞత లేని మాటలని కొందరన్నారు. అయినా ఆ మహాసభలో జరిగిన ప్రసంగాల్లో నేటికీ ఎక్కువగా తలచుకునేది ఈ ప్రసంగమే. ఆయన అక్కడ అధికారం అడగలేదు, జీతం పెంచమని అడగలేదు. సమానులుగా కూర్చోబెట్టుకోమని అడిగారు. అధికారం పంచుకోవడానికి ముందు నమ్మకం కావాలి, నమ్మకానికి ముందు స్నేహం కావాలి అన్నది ఆయన అనుభవం నుండి వచ్చిన క్రమం.

బిషప్పుగా ఎన్నిక: అడ్డంకులు

భారతీయుణ్ణి బిషప్పు చేయాలన్న పట్టుదల మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారిది. ఆ ఆలోచన అందరికీ నచ్చలేదు. ఒక భారతీయుని కింద ఆంగ్లేయ గురువులు పనిచేయగలరా అని మిషనరీల్లో కొందరు అడిగారు. భారతీయ క్రైస్తవుల్లోనూ వ్యతిరేకత వచ్చింది. నాడార్ కులం నుండి వచ్చినవాడు బిషప్పు కావడం కొందరికి మింగుడుపడలేదు. తెల్లవారి పక్షపాతం గురించి మనం తరచుగా మాట్లాడుకుంటాం. మనవారి కులాభిమానం కూడా అదే గుమ్మంలో అడ్డంగా నిలబడిందన్న సంగతి దాచకూడదు.

చివరికి 1912 డిసెంబరు 29న అభిషేకం జరిగింది. ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు. అప్పగించిన డోర్నకల్ అధ్యక్షఖండం చాలా చిన్నది. అది నిజాం రాజ్యంలోని ఒక మూల. 1920లో కృష్ణా జిల్లా నుండి నంద్యాల, కర్నూలు వైపు వరకు రెండు పాత ఆంగ్లికన్ మిషన్ల తెలుగు సంఘాలు దానిలో కలిశాయి. 1841లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ గార్లు మొదలుపెట్టిన పని కూడా అలా ఈ భారతీయ బిషప్పు చేతికే వచ్చింది. తరువాతి రోజుల్లో విదేశీయుడైన ఇలియట్ గారు ఆయన కింద సహాయ బిషప్పుగా పనిచేశారు. 1912లో వేసిన ప్రశ్నకు అదే జవాబు.

అయితే ఒక సంగతి బాధ కలిగిస్తుంది. ఆ తలుపు ఆయన ఒక్కరికే తెరుచుకుంది. ముప్పై రెండేళ్లలో భారతీయులు ఒకరిద్దరు సహాయ బిషప్పులయ్యారు గాని, అజరయ్య గారు మరణించేవరకు మరో భారతీయునికి ఆంగ్లికన్ సంఘం సొంత అధ్యక్షఖండాన్ని అప్పగించలేదు. ఆయన పోయిన 1945లోనే తిరువాన్కూరులో సి.కె. జేకబ్ గారికి ఆ బాధ్యత దక్కింది. పై నుండి నమ్మకం అంత నెమ్మదిగా దిగివస్తున్న రోజుల్లో, తన కిందివారి మీద అజరయ్య గారు ఎంత వేగంగా నమ్మకం ఉంచారో ఇప్పుడు చూద్దాం.

పల్లె సంఘాలు

డోర్నకల్ సంఘం మాల, మాదిగ పల్లెల్లో పెరిగింది. వెట్టిచాకిరి, అప్పు, అంటరానితనం మధ్య బతుకుతున్న కుటుంబాలు ఒక్కొక్కటిగా కాక, పల్లెలకు పల్లెలుగా బాప్తిస్మం అడిగాయి. 1941 నాటికి అధ్యక్షఖండంలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఇంతమందిని మేపడానికి బయటి నుండి గురువులను తెప్పించడం సాధ్యం కాదు. సాధ్యమైనా ఆయన తెప్పించేవారు కారేమో.

ఆయన దారి వేరు. పల్లె నుండే పనివాణ్ణి తీశారు. బడి పంతులే ఉపదేశి. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు వాక్యం. డోర్నకల్‌లో వారి శిక్షణకు పాఠశాల పెట్టారు. పెళ్లయినవారు భార్యలతో సహా వచ్చి చదువుకునేవారు. పల్లెలో సంఘం నిలబడాలంటే పంతులమ్మ కూడా చదువుకోవాలన్నది అజరయ్య దంపతుల నమ్మకం. ఉపదేశుల్లో నమ్మకస్థులు గురువులయ్యారు. కొన్నేళ్లకు ఆ అధ్యక్షఖండంలో గురువులు దాదాపు అందరూ భారతీయులే. ఒక తరం క్రితం ఊరి బావి దగ్గరకు రానివ్వని కుటుంబం నుండి వచ్చినవాడు, ఇప్పుడు ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచి పంచుతున్నాడు.

బాప్తిస్మం గురించి ఆయన పెట్టిన ఒక అలవాటు చాలామంది గుర్తుపెట్టుకున్నారు. కొత్తగా బాప్తిస్మం పొందినవారిని తమ తలమీద తామే చెయ్యి పెట్టుకోమనేవారు. నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పౌలు మాటను వారిచేత పలికించేవారు. చదువు రానివారు కూడా ఆ మాట పలికారు. సాక్ష్యం చెప్పడం జీతం తీసుకునేవారి పని అనుకునే వీలు ఆ పల్లెల్లో లేకుండా పోయింది. ఏటా ఒక వారం సాక్ష్యానికి ప్రత్యేకించి, సామాన్య విశ్వాసులందరూ చుట్టుపక్కల ఊళ్లకు గుంపులుగా వెళ్లే పద్ధతి పెట్టారు. 1920లు, 30లలో కొన్నిచోట్ల మాల, మాదిగ విశ్వాసుల జీవితాల్లో వచ్చిన మార్పును చూసి శూద్ర కులాలవారు కూడా సంఘంలోకి వచ్చారు. ఊరు వెలివేసినవారి నోటనే ఊరు సువార్త వినింది.

ఇవ్వడం విషయంలోనూ అంతే. పేదవారు గనుక ఇవ్వలేరు అనడం పేదవారిని చిన్నచూపు చూడడమేనని ఆయన భావించారు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ప్రభువుకని తీసి పక్కన పెట్టే పిడికెడు బియ్యం, పంట చేతికొచ్చినప్పుడు కోతపండుగ కానుక, ఇవే ఆ పల్లె సంఘాల ఆదాయం. క్రైస్తవుల కానుకల గురించి ఆయన ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. విదేశీ సొమ్ము పూర్తిగా మానలేదు. బడులకు, ఆసుపత్రులకు అది వచ్చేది. కాని ఏ సంఘమూ కేవలం తీసుకునే సంఘంగా ఉండకూడదన్నది ఆయన పట్టు.

పల్లెల్లో పోరాడవలసిన దయ్యాలు నాలుగని ఆయన చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఆత్మ రక్షణ గురించి చెప్పి కల్లుపాక గురించి ఊరుకునే సువార్త ఆయనకు తెలియదు. చచ్చిన గొడ్డు మాంసం, బాల్యవివాహాలు, కల్లు, వడ్డీ వ్యాపారి దగ్గర కుదువ, ఇవన్నీ బాప్తిస్మ సిద్ధబాటులో మాట్లాడవలసిన విషయాలే. పరపతి సంఘాలు, వైద్యశాలలు, ముద్రణాలయం కూడా అధ్యక్షఖండం పనిలో భాగమయ్యాయి.

క్రమశిక్షణ విషయంలో ఆయన కఠినుడు. తప్పు చేసినవారిని సంస్కారానికి దూరంగా ఉంచడానికి వెనుకాడేవారు కారు. మాలలు, మాదిగలు విడివిడిగా కూర్చోవడాన్ని, ఒకరి గురువును ఒకరు ఒప్పుకోకపోవడాన్ని ఆయన సహించలేదు. ఈ విషయంలో ఆయన పూర్తిగా గెలిచారని మాత్రం చెప్పలేం. ఒక గిన్నెలో పాలుపొందినవారు ఇంటికి వెళ్లాక ఒక బావిలో నీళ్లు తోడుకోని పల్లెలు ఆయన కాలంలోనూ ఉన్నాయి, తరువాతా ఉన్నాయి.

డోర్నకల్ దేవాలయం

ఎపిఫనీ కతీడ్రల్ కట్టడానికి సుమారు పాతికేళ్లు పట్టింది. యుద్ధం, డబ్బు కొరత, పల్లెల్లో అంతకంటే ముఖ్యమైన అవసరాలు, ఇలా ఎన్నో కారణాలు. చూసినవారికి అది ఇంగ్లండు గుడిలా కనిపించదు. గుమ్మటాలు, మినార్లు మసీదును తలపిస్తాయి, రాతి స్తంభాలు దక్షిణాది ఆలయ మంటపాన్ని తలపిస్తాయి, పైన సిలువ ఉంటుంది. నిజాం రాజ్యంలో పుట్టిన తెలుగు సంఘం తన చుట్టూ ఉన్న శిల్పాన్నంతా క్రీస్తు పాదాల దగ్గరకు తెచ్చినట్టుంటుంది. అన్యజనుల జ్ఞానులు తమ కానుకలు తెచ్చిన రోజు ఎపిఫనీ. ఆ పేరు ఆ గుడికి సరిగ్గా సరిపోయింది.

విచిత్రమేమంటే, లోపల జరిగే ఆరాధన మాత్రం ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం ప్రకారమే. అజరయ్య గారు ఈ విషయంలో సంప్రదాయవాది. తెలుగు కీర్తనలు, ఊరేగింపులు, జాతరలకు బదులు క్రైస్తవ పండుగలు ప్రోత్సహించారు గాని సంఘ క్రమాన్ని వదులుకోలేదు. నెల్లూరులో పుట్టిన పి. చెంచయ్య గారు, మద్రాసులో మరికొందరు ఆలోచనాపరులు ఈ పద్ధతిని విమర్శించారు. క్రీస్తు కావాలి, పడమటి సంఘ యంత్రాంగం ఎందుకు అన్నారు. 1938లో తాంబరంలో జరిగిన ప్రపంచ మిషనరీ సభ సమయంలో ఈ వాదం గట్టిగా నడిచింది. అజరయ్య గారి జవాబు ఆయన పల్లెల నుండి వచ్చింది: చెదిరిపోయిన, తొక్కబడిన ప్రజలకు ముందుగా కావలసింది కలిసి నిలబడే ఒక సంఘం, ఒక క్రమం, ఒక బల్ల. రెండు పక్షాల మాటలోనూ బలముంది. నేటికీ ఆ చర్చ ముగియలేదు.

గాంధీగారు, అంబేద్కర్ గారు

1930లలో అజరయ్య గారు దేశ రాజకీయాల మధ్యకు వచ్చిపడ్డారు. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చినప్పుడు ఆయన వ్యతిరేకించారు. సంఘం ఓట్ల కోసం లెక్కపెట్టే ఒక జాతిగా మారితే సువార్తకు అర్థం పోతుందన్నది ఆయన భయం. స్వజనానికి లాభమొచ్చేదాన్ని వద్దనడం ఏ నాయకునికైనా కష్టమే.

1935లో డాక్టర్ అంబేద్కర్ తాను హిందువుగా చనిపోనని ప్రకటించాక, దళితుల మతమార్పిడి దేశమంతటా చర్చకు వచ్చింది. సామూహిక బాప్తిస్మాలను గాంధీగారు తీవ్రంగా ఆక్షేపించారు. పేదవారి అవసరాన్ని ఆసరాగా తీసుకుంటున్నారని ఆయన అభిప్రాయం. అజరయ్య గారు అంగీకరించలేదు. దళితునికి తన దేవుణ్ణి తాను ఎంచుకునే తెలివి లేదనుకోవడమే ఆయనకు అభ్యంతరం. ఇద్దరూ దేశాన్ని ప్రేమించినవారే, ఇద్దరూ అంటరానితనాన్ని ద్వేషించినవారే. అయినా పల్లెవాసి మనస్సాక్షిని ఎంతవరకు నమ్మాలన్న దగ్గర వారి దారులు విడిపోయాయి.

అంబేద్కర్ గారు ఆయనతో మాట్లాడుతూ, మేము క్రైస్తవులమైతే ఎక్కడికి వెళ్లినా ఒకే సంఘంలో ఉండగలమా అని అడిగారనీ, అజరయ్య గారు సిగ్గుతో జవాబు చెప్పలేకపోయారనీ సంఘాల్లో చెప్పుకుంటారు. ఆ సిగ్గు ఆయనకు కొత్తది కాదు. ఆయన చివరి పాతికేళ్ల పనికి అదే మూలం.

ఐక్యత కోసం

1919 మే నెల మొదటి రెండు రోజులు, 1706లో జీగెన్‌బాల్గ్ దిగిన తరంగంబాడిలో ముప్పై ముగ్గురు సేవకులు కూడుకున్నారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్య గారు ముందుండి నడిపించారు. మనల్ని విడదీసిన గొడవలు మనం తెచ్చుకున్నవి కావు, బయటి నుండి వచ్చినవి, వాటిని మోయవలసిన అవసరం మనకు లేదు అని వారు ప్రకటించారు. ఆంగ్లికన్ సంఘం, దక్షిణ భారత ఐక్య సంఘం మధ్య సంభాషణలు మొదలయ్యాయి. 1925లో మెథడిస్టులు కూడా చేరారు.

1927లో స్విట్జర్లాండులోని లొజాన్ మహాసభలో ఆయన మరోసారి నిర్మొహమాటంగా మాట్లాడారు. క్రైస్తవ దేశాల్లో విభేదాలు బలహీనత కావచ్చు, సువార్త వినని దేశాల్లో అవి పాపం, అపకీర్తి అన్నారు. ఊరికి ఒక గుడి, దాని ఎదుట మరో గుడి కట్టుకుని, మధ్యలో నిలబడి ఒకే ప్రభువును ప్రకటించడం కుదరదని ఆయన కళ్లారా చూశారు.

చర్చలు ఇరవై ఎనిమిదేళ్లు సాగాయి. బిషప్పుల చేత అభిషేకం పొందని గురువులను ఒప్పుకోవడం ఎలా, ఒకరి బల్ల దగ్గర ఒకరు పాలుపొందవచ్చా, ఇవీ చిక్కులు. ఇంగ్లండులో వ్యతిరేకత, ఇక్కడ అనుమానాలు. అజరయ్య గారు ఓపిక విడవలేదు. 1929 నుండి భారత జాతీయ క్రైస్తవ సమాజానికి అధ్యక్షునిగా ఉంటూ ఈ పనిని ముందుకు నెట్టారు.

ఫలితం ఆయన కళ్లతో చూడలేదు. ఆయన పోయిన దాదాపు రెండేళ్ల తొమ్మిది నెలలకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రల్‌లో దక్షిణ భారత సంఘం ఏర్పడింది. ఆనాటి ఆరాధన నడిపించినవారు సి.కె. జేకబ్ గారు. ఆ ఐక్యతకు కూడా మూల్యం చెల్లించవలసి వచ్చింది. అజరయ్య గారి అధ్యక్షఖండంలోనిదే అయిన నంద్యాల ప్రాంతంలో చాలా సంఘాలు ఎన్నో ఏళ్లు బయటే ఉండిపోయాయి.

మన చేతికి వచ్చిన బాధ్యత

అజరయ్య గారి సమాధి డోర్నకల్‌లో, ఆయన కట్టించిన గుడి దగ్గరే ఉంది. తిరునెల్వేలి నుండి వచ్చినవారు తెలుగు నేలలోనే నిద్రించారు. ఆయనకు లోపాలు లేవని అనడం ఆయనకే ఇష్టముండదు. కొందరికి ఆయన కఠినంగా తోచారు, కొందరికి మరీ ఆంగ్లికన్‌గా కనిపించారు. అయినా ఆయన సేవను చూస్తే ఒక్క సూత్రం మొదటి నుండి చివరి వరకు కనిపిస్తుంది. ఎడిన్‌బరోలో పైవారిని అడిగిందే డోర్నకల్‌లో కిందివారికి ఇచ్చారు. మమ్మల్ని నమ్మండి అని అడిగిన మనిషి, ఊరు నమ్మని మనుషులను తానే ముందుగా నమ్మారు.

నేడు మన సంఘాలన్నిటికీ మన బిషప్పులే, మన గురువులే, మన కమిటీలే. బయటివారు పట్టుకున్న అధికారం ఏదీ లేదు. అందుచేత ఆయన వేసిన ప్రశ్నలు ఇప్పుడు మన మీదికే తిరుగుతాయి. అధ్యక్షఖండ ఎన్నికల్లో కులం లెక్క చూసి ఓటు వేస్తున్నామా? పాస్టరేటులో పేద కుటుంబం నుండి వచ్చిన యువకుని మాటకు పెద్దల కమిటీలో చోటుందా? స్త్రీలు పిడికెడు బియ్యం తెచ్చినప్పుడు వారి మాట కూడా తీసుకుంటున్నామా? సంఘ ఆస్తుల తగాదాలతో కోర్టుల చుట్టూ తిరుగుతూ, పక్క ఊరికి సాక్ష్యం చెప్పడానికి తీరిక లేదంటున్నామా?

వచ్చే ప్రత్యక్షత పండుగనాడు మీ సంఘంలో ఈ బిషప్పును ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. ఆయన జీవితం గురించి ఆదివారపు బడి పిల్లలకు చెప్పండి. ఆ తరువాత బాప్తిస్మం పొందిన ప్రతివారూ ఆయన నేర్పినట్టే తమ తలమీద తామే చెయ్యి పెట్టుకుని, ఈ సంఘం ఎవరి బాధ్యత అని తమను తాము అడగాలి.